‘ఇంకొంచెం గట్టిగా’ బిగిస్తే ఏమవుతుంది? ఎంటీబీ స్టెమ్ బోల్టులు, టార్క్ కథ మొత్తం

నేను ఈ సైట్‌లో మామూలుగా యాక్షన్ కెమెరాలు, పవర్ బ్యాంకులు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటా. ఈసారి సబ్జెక్ట్ ఒక బోల్టు. మౌంటెన్ బైక్ హ్యాండిల్‌ని పట్టి ఉంచే ఎం5 బోల్టు. దాని మందం 5 మిల్లీమీటర్లు, తల వెడల్పు 8.5 మిల్లీమీటర్లు, అంతే. గ్యాడ్జెట్ సైట్‌లో బోల్టుకి ఏం పని అంటారా? ఈ కథ మొదలైంది ఒక కెమెరా మౌంట్‌తోనే. సైకిల్‌కి ఫోన్, జీపీఎస్, కెమెరా ఏదో ఒకటి తగిలించే వాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి ఇది మీకూ పనికొస్తుంది.

అసలేం జరిగింది?

నా ఉద్యోగం హైదరాబాద్‌లో. వీకెండ్ వస్తే గండిపేట వైపో, వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపో సైకిల్ వేసుకుని వెళ్తుంటా. పోయిన ఏడాది ఒక యాక్షన్ కెమెరా మౌంట్ కొన్నా. హ్యాండిల్‌ని చుట్టి పట్టుకునే రకం కాదు. స్టెమ్ ముందు భాగంలో కింద ఉండే రెండు బోల్టులు విప్పి, వాటి కిందే ఫిక్స్ చేసే రకం. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కాకపోతే మౌంట్ మందం కోసం కొంచెం పొడుగు బోల్టులు కావాలి. ప్యాకెట్‌లో వచ్చినవి ఎక్కడో పడేసుకున్నా. హార్డ్‌వేర్ షాపులో అదే సైజు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు రెండు దొరికాయి. తళతళా మెరుస్తున్నాయి, తుప్పు కూడా పట్టవు. గ్రీజు రాశా, పొడుగు అలెన్ కీ పెట్టి బిగించా. ఊడిపోతే కెమెరా పోతుంది కదా అని ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ గట్టిగా తిప్పా.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. ఒక ఆదివారం మా తమ్ముడు ఆ సైకిల్ తీసుకెళ్లాడు. వాడు బీటెక్ సెకండియర్. కంకర దారిలో, దిగుడులో, చిన్న గుంతలో ముందు చక్రం పడగానే టప్‌మని చప్పుడు. హ్యాండిల్ ముందుకి తిరిగిపోయింది, వాడు దాని మీదుగా అవతల పడ్డాడు. ఎడమ కాలర్ బోన్ విరిగింది, హెల్మెట్ పగిలింది. ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే. మా అమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

హాస్పిటల్‌లో వాడు నన్ను తిట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: “నువ్వు మంచిగ టైట్ చేసినవ్ కద అన్నా, మరి ఎట్ల తెగింది?”

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని చదివా, లెక్కలు వేశా, తెగిన బోల్టుని భూతద్దం కింద పెట్టి చూశా. ఆ ప్రశ్నకి జవాబే ఈ ఆర్టికల్.

ముందుగా స్టెమ్ అంటే ఏంటి?

సైకిల్‌లో హ్యాండిల్‌ని ఫోర్క్‌తో కలిపే పొట్టి ముక్కనే స్టెమ్ అంటారు. ఎంటీబీల్లో ఇది ఎక్కువగా అల్యూమినియమే. దీంట్లో మూడు రకాల బోల్టులు ఉంటాయి. మూడింటి పనులూ వేరు.

1. ఫేస్‌ప్లేట్ బోల్టులు: ముందు భాగంలో ఉంటాయి, మామూలుగా నాలుగు. హ్యాండిల్‌ని నొక్కి పట్టుకునేవి ఇవే. హ్యాండిల్ మధ్య భాగం మందం ఈ రోజుల్లో 31.8 లేదా 35 మిల్లీమీటర్లు ఉంటుంది.

2. స్టీరర్ బోల్టులు: వెనక పక్కన, మామూలుగా రెండు. ఫోర్క్ నుంచి పైకొచ్చే గొట్టాన్ని, అంటే స్టీరర్ ట్యూబ్‌ని, పట్టుకుంటాయి.

3. టాప్ క్యాప్ బోల్టు: పైన మధ్యలో ఒక్కటే ఉంటుంది. ఎక్కువమంది కన్ఫ్యూజ్ అయ్యేది దీని దగ్గరే. ఇది స్టెమ్‌ని పట్టుకోదు. హెడ్‌సెట్ బేరింగుల్లో ఆట లేకుండా సర్దడం వరకే దీని పని. స్టెమ్ కదులుతోందని దీన్ని బలంగా బిగిస్తే బేరింగులు నలుగుతాయి తప్ప స్టెమ్‌కి పట్టు రాదు.

చాలా స్టెమ్‌ల మీద బోల్టు పక్కనే చిన్న అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది. ఎం5 బోల్టులకి మామూలుగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇక్కడి నుంచి దీన్ని ఎన్‌ఎం అనే రాస్తా. నంబర్ పక్కన ‘మాక్స్’ అని ఉందా లేదా చూడండి. ఉంటే అది దాటకూడని హద్దు అని అర్థం.

ఆ నంబర్ కొలిచేది దేన్ని?

ఇక్కడే నేను ఏళ్ల తరబడి తప్పుగా అనుకున్నది ఉంది. టార్క్ అంటే బోల్టు ఎంత టైట్‌గా ఉందో చెప్పే కొలత అనుకునేవాణ్ని. కాదు. టార్క్ అంటే మనం ఎంత బలంగా తిప్పామన్నది మాత్రమే. మనకి అసలు కావాల్సింది వేరే ఉంది.

బోల్టుని బాగా గట్టి స్ప్రింగ్ అనుకోండి. బిగించినప్పుడు అది కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన స్ప్రింగ్ వెనక్కి రావాలని చూస్తుంది కదా, ఆ లాగుడే రెండు ముక్కల్ని కలిపి నొక్కి ఉంచుతుంది. దీన్ని ప్రీలోడ్ అంటారు. పుస్తకాల కట్టకి రబ్బర్ బ్యాండ్ వేసినట్టే. బ్యాండ్ వదులుగా ఉంటే పుస్తకాలు జారతాయి, మరీ లాగితే బ్యాండే తెగుతుంది.

చిక్కేంటంటే ఈ సాగుడుని ఇంట్లో కొలవలేం. అందుకే దాని బదులు టార్క్‌ని కొలుస్తాం. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, అసలు మెట్రిక్ దొరక్క ప్రాక్సీ మెట్రిక్ వాడుతున్నాం. ఆ ప్రాక్సీ కూడా అంత గొప్పదేం కాదు. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం దాకా మరల్లో రాపిడికి పోతుంది. నిజంగా బోల్టుని సాగదీసేది మిగిలిన 10 శాతమే. రాపిడి కొంచెం మారిందంటే, అదే టార్క్‌కి ప్రీలోడ్ బాగా మారిపోతుంది.

లెక్క చాలా సింపుల్. టార్క్‌ని బోల్టు మందంతోనూ, రాపిడికి సంబంధించిన ఒక గుణకంతోనూ భాగిస్తే ప్రీలోడ్ వస్తుంది. పొడి స్టీల్ బోల్టుకి ఆ గుణకం 0.2 దగ్గర ఉంటుంది, గ్రీజు రాస్తే 0.15 దగ్గరికి దిగుతుంది, తుప్పు పట్టి మట్టి చేరితే 0.3కి కూడా వెళ్లొచ్చు. ఇవి ఉజ్జాయింపులే, అయినా తేడా ఎంతో చూడండి. ఒకే ఎం5 బోల్టు, ఒకే 5 ఎన్‌ఎం:

- తుప్పు, మట్టి ఉంటే: సుమారు 340 కిలోల బరువుకి సమానమైన పట్టు
- పొడిగా, శుభ్రంగా ఉంటే: సుమారు 510 కిలోలు
- గ్రీజు రాస్తే: సుమారు 680 కిలోలు

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అంటే శుభ్రంగా ఉన్న ఆ చిన్న బోల్టుకి రెండున్నర బుళ్లెట్లు వేలాడదీసినంత లాగుడు అన్నమాట. చేతిలో పెన్సిల్ అంత అలెన్ కీతో ఇంత బలం పుట్టిస్తున్నామని మనకి తెలియను కూడా తెలీదు.

బోల్టు తల మీద నంబర్ చదవడం నేర్చుకోండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు చూస్తాం కదా, బోల్టుకి కూడా అలాంటి స్పెక్ ఒకటుంది. తల మీద 8.8, 10.9, 12.9 లాంటి నంబర్ ఉంటుంది. మొదటి అంకెని వందతో గుణిస్తే ఆ స్టీల్ తెగే స్ట్రెస్ మెగాపాస్కల్స్‌లో వస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో ఎన్నో వంతు దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోవడం మొదలవుతుందో చెబుతుంది. 12.9 అంటే 1200లో 90 శాతం, 1080 మెగాపాస్కల్స్. ఆ హద్దే యీల్డ్ పాయింట్. అది దాటితే బోల్టు మళ్లీ పాత పొడుగుకి రాదు.

స్టెయిన్‌లెస్ బోల్టుల మీద వేరే రకం గుర్తు ఉంటుంది, ఎక్కువగా ఏ2-70. దాని యీల్డ్ 450 మెగాపాస్కల్స్ మాత్రమే. ఎం5 బోల్టులో బరువు మోసే అడ్డుకోత వైశాల్యం 14.2 చదరపు మిల్లీమీటర్లు. గుణిస్తే ఇలా వస్తుంది:

- ఏ2-70 స్టెయిన్‌లెస్: సుమారు 650 కిలోల దగ్గర సాగిపోతుంది
- 8.8: సుమారు 925 కిలోలు
- 10.9: సుమారు 1,300 కిలోలు
- 12.9: సుమారు 1,560 కిలోలు

ఇప్పుడు పై లిస్టుతో కలిపి చూడండి. గ్రీజు రాసిన స్టెయిన్‌లెస్ బోల్టుని కరెక్ట్‌గా 5 ఎన్‌ఎంకే బిగించినా 680 కిలోలు. దాని హద్దు 650. అంటే స్టెమ్ మీద రాసిన టార్క్‌ని తు.చ. తప్పకుండా పాటించినా ఆ బోల్టు హద్దు దగ్గరే ఉంది. ఒరిజినల్ 12.9 బోల్టుకి అదే 680 కిలోలు సగం లోడు కూడా కాదు. స్టెమ్ మీది నంబర్ దానితో వచ్చిన బోల్టుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. బోల్టు మార్చాక కూడా ఆ నంబర్‌నే నమ్మడం, ఒక ఫోన్ ఫర్మ్‌వేర్‌ని ఇంకో ఫోన్‌లో ఫ్లాష్ చేయడం లాంటిది.

ఇక నేను చేసిందేంటి? నా అలెన్ కీ పొడుగు చేయి 14 సెంటీమీటర్లు. చివర పట్టుకుని 5 కిలోల బలంతో లాగితే దాదాపు 7 ఎన్‌ఎం వస్తుంది. 5 కిలోలంటే చిన్న బియ్యం సంచి మోసేంత బలం, చేతికి అసలు తెలియదు. నేను అంతే పెట్టాననుకుందాం. గ్రీజు ఉంది కాబట్టి బోల్టు మీద లోడు 940 కిలోల దగ్గర. యీల్డ్ దాటేసింది, కానీ తెగే హద్దు 1,000 కిలోల పైచిలుకు కాబట్టి తెగలేదు. ఆ రోజు నా చేతిలోనే తెగిపోయి ఉంటే ఎంతో బాగుండేది. ఛీ, నాసిరకం బోల్టు అని ఇంకోటి కొనుక్కునేవాణ్ని, అక్కడితో అయిపోయేది.

మరి నాలుగు నెలల తర్వాత ఎందుకు తెగింది?

చిన్నప్పుడు బైండింగ్ వైరు తెంపడానికి కట్టింగ్ ప్లేయర్ లేకపోతే ఏం చేసేవాళ్లం? అటూ ఇటూ వంచేవాళ్లం. మొదటి వంపుకి ఏమీ కాదు, పదో వంపుకో పదిహేనో వంపుకో పుటుక్కుమంటుంది. దీన్నే ఇంజినీరింగ్‌లో ఫెటీగ్ అంటారు. ఒక్కసారి వేస్తే ఏమీ చేయని లోడు, వేలసార్లు వేస్తే లోహాన్ని తెంపుతుంది. ముందు మర మొదట్లోనో తల కిందో వెంట్రుకంత పగులు పుడుతుంది. ప్రతి కుదుపుకీ కొంచెం కొంచెం పెరుగుతుంది. మిగిలిన లోహం ఇక మోయలేను అన్న రోజున ఒక్కసారిగా తెగుతుంది.

ఇక్కడ ప్రీలోడ్ చేసే పని భలే ఉంటుంది. బోల్టు సరిగ్గా బిగిసి ఉన్నప్పుడు బయట నుంచి వచ్చే కుదుపులో ఎక్కువ భాగం ఒకదానికొకటి నొక్కుకుని ఉన్న ముక్కలే పంచుకుంటాయి. బోల్టు మీద లోడు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, కానీ అది పెద్దగా మారదు. ఫెటీగ్‌కి కావాల్సింది మార్పు. మార్పు తక్కువైతే బోల్టు ఏళ్ల తరబడి ఉంటుంది. బోల్టు వదులైతే ప్రతి గుంతకీ లోడు కిందికీ పైకీ ఊగుతుంది. అంటే తక్కువ బిగించినా బోల్టు తెగుతుంది. లూజుగా ఉంటే హ్యాండిల్ జారడం ఒక్కటే ప్రమాదం అనుకోకండి.

నా బోల్టు విషయంలో రెండూ జరిగాయి. ముందు ఎక్కువ బిగించడం వల్ల యీల్డ్ దాటింది. తర్వాత ప్రతి దెబ్బకీ ఇంకో పిసరు సాగింది. సాగిన కొద్దీ పట్టు తగ్గింది, తగ్గిన కొద్దీ కుదుపులు నేరుగా దాని మీదే పడ్డాయి. ‘మంచిగ టైట్ చేసిన’ బోల్టు కాలక్రమంలో లూజు బోల్టు అయ్యింది.

తెగిన ముక్కని ఫోన్ మాక్రో మోడ్‌లో ఫోటో తీసి జూమ్ చేస్తే సాక్ష్యం కనిపించింది. తెగిన ముఖంలో ఒక పక్క నున్నగా, సన్నటి గీతలు గీతలుగా ఉంది. అది నెమ్మదిగా పెరిగిన పగులు. మిగతా భాగం గరుకుగా ఉంది. అది చివరి క్షణంలో తెగింది. సగం కంటే ఎక్కువ భాగం నున్నగానే ఉంది. అంటే ఆ బోల్టు చాలా రోజులుగా సగం బలంతోనే పని చేస్తోంది.

ఇంకో విషయం రాయడానికే కష్టంగా ఉంది. ఆ మౌంట్ మీద తీసిన పాత వీడియోలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నా. ప్రమాదానికి మూడు వారాల ముందు రైడ్‌లోనే, గట్టిగా తొక్కినప్పుడల్లా కిర్రు కిర్రుమని ఒక శబ్దం ఉంది. అప్పట్లో ఎడిటింగ్‌లో నాయిస్ రిడక్షన్ పెట్టి దాన్ని తీసేశా. గాలి చప్పుడు అనుకున్నా.

బిగించడంలో జరిగే మూడు తప్పులు

ఎక్కువ బిగించడం: బోల్టు సాగుతుంది, లేదంటే స్టెమ్‌లోని అల్యూమినియం మర జారిపోతుంది. మర పోయిన స్టెమ్‌ని ఎలాగోలా సర్దుకుని వాడకండి. హ్యాండిల్ కూడా నలుగుతుంది. కార్బన్ హ్యాండిల్ అయితే పైకి ఏమీ కనిపించకుండానే లోపలి పొరలు చితికిపోవచ్చు.

తక్కువ బిగించడం: హ్యాండిల్ జారుతుంది, స్టెమ్ పక్కకి తిరుగుతుంది, పైన చెప్పిన ఫెటీగ్ మొదలవుతుంది.

సమానంగా బిగించకపోవడం: దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. నాలుగు బోల్టుల్లో పై రెండూ పూర్తిగా బిగించి తర్వాత కింది రెండిటికి వస్తే ఫేస్‌ప్లేట్ వంకరగా కూర్చుంటుంది. అప్పుడు బోల్టు సాగడంతో పాటు వంగుతుంది కూడా. లోడు మొత్తం ఒక అంచు మీద పడుతుంది. నాలుగింటికీ చివర్లో 5 ఎన్‌ఎం క్లిక్ వినిపించినా లోపల నలుగురూ సమానంగా మోయట్లేదు.

ప్రొఫెషనల్స్‌కి కూడా స్టీరింగ్ భాగాలు ఫెయిల్ అయిన సందర్భాలున్నాయి. 2006 పారిస్-రూబే రోడ్ రేసులో అమెరికన్ రైడర్ జార్జ్ హింకాపీ స్టీరర్ ట్యూబ్ రాళ్ల దారి మీద తెగిపోయింది. హ్యాండిల్ ఆయన చేతుల్లోనే ఉంది, కానీ దానికీ ముందు చక్రానికీ సంబంధం లేదు. పడి భుజానికి దెబ్బ తగిలింది. బ్రేక్ ఫెయిలైతే ఇంకో బ్రేక్ ఉంటుంది, చైన్ తెగితే దిగి నడవొచ్చు. స్టీరింగ్‌కి అలాంటి బ్యాకప్ ఏమీ లేదు.

అందుకే సైకిళ్ల భద్రతా ప్రమాణం ఐఎస్‌ఓ 4210లో హ్యాండిల్, స్టెమ్ జతకి ప్రత్యేకంగా ఫెటీగ్ టెస్ట్ ఉంది. హ్యాండిల్ రెండు చివర్లనీ ఒకసారి ఎదురెదురుగా, ఇంకోసారి ఒకే వైపుకి, ఒక్కో రకంగా లక్ష సార్లు లాగి నొక్కుతారు. ఆ టెస్టులో బోల్టుల్ని తయారీ కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగిస్తారు. మనం ఇంట్లో ఇష్టం వచ్చినట్టు బిగించిన స్టెమ్‌కి ఆ టెస్ట్ రిజల్ట్ వర్తించదు.

సరిగ్గా బిగించే పద్ధతి: స్టెప్ బై స్టెప్

1. బోల్టులు విప్పి మరలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. గ్రీజు రాయమని స్టెమ్ కంపెనీ చెబితే పల్చగా రాయండి. గ్రీజు తప్పేం కాదు. అన్ని బోల్టులూ ఒకే స్థితిలో ఉండటం ముఖ్యం. హ్యాండిల్ కూర్చునే చోట మాత్రం గ్రీజు పూయొద్దు. కార్బన్ అయితే అక్కడ కార్బన్ పేస్ట్ రాయాలి. దాంట్లో ఉండే సన్నటి రేణువుల వల్ల తక్కువ టార్క్‌కే పట్టు దొరుకుతుంది.

2. స్టీరర్ బోల్టులు వదులు చేసి ముందు టాప్ క్యాప్ సర్దండి. ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటక కొట్టకూడదు, అలాగని హ్యాండిల్ తిరగడానికి బరువుగానూ ఉండకూడదు. స్టెమ్‌ని చక్రానికి సూటిగా పెట్టి, అప్పుడు స్టీరర్ బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించండి.

3. ఫేస్‌ప్లేట్ నాలుగు బోల్టుల్నీ ముందు వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో సాఫీగా పోని బోల్టుకి కీ పెట్టకండి, అది మర తప్పి ఎక్కుతోందని అర్థం.

4. ఇంటూ గుర్తు ఆకారంలో బిగించండి. పై ఎడమ, కింది కుడి, పై కుడి, కింది ఎడమ. మొదటి రౌండ్ 2 ఎన్‌ఎం, రెండో రౌండ్ 3.5, చివరి రౌండ్ 5. మీ స్టెమ్ మీద వేరే నంబర్ ఉంటే దాని ప్రకారం.

5. ప్రతి రౌండ్ తర్వాత ఫేస్‌ప్లేట్‌కీ స్టెమ్‌కీ మధ్య సందు చూడండి. పైనా కిందా, ఎడమా కుడీ సమానంగా ఉండాలి. కొన్ని స్టెమ్‌లలో పై సందు పూర్తిగా మూసుకునేలా డిజైన్ చేస్తారు. అలాంటి వాటికి పై బోల్టులు ముందు బిగించమని మాన్యువల్‌లోనే ఉంటుంది, దాన్నే ఫాలో అవ్వండి.

6. బోల్టు స్టెమ్ లోపలికి ఎంత దూరం పోతోందో చూసుకోండి. అల్యూమినియంలో కనీసం బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎం5కి 7.5 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. లెక్క ఈజీ: ఒక్కో చుట్టుకి 0.8 మిల్లీమీటర్ కాబట్టి కనీసం 9, 10 చుట్లు. మౌంట్ పెట్టి పాత పొట్టి బోల్టులే వాడితే ఇది తగ్గిపోతుంది.

7. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ పక్కకి తిప్పి చూడండి. తర్వాత రెండు గ్రిప్పుల మీద ఒళ్లంతా బరువు వేసి నొక్కండి. ఏదీ కదలకూడదు. మొదటి రైడ్ అయ్యాక ఒకసారి టార్క్ మళ్లీ చెక్ చేయండి.

ఏ టార్క్ రెంచ్ తీసుకోవాలి?

ముందుగా చెప్పేది, మెకానిక్ షాపులో కారు వీల్ నట్లకి వాడే పెద్ద రెంచ్ ఇక్కడ పనికిరాదు. మనకి కావాల్సిన 5 ఎన్‌ఎం దాని రేంజ్‌లోనే ఉండదు. సుమారు 2 నుంచి 15 లేదా 20 ఎన్‌ఎం రేంజ్ ఉన్నది చూడండి. బిట్స్‌లో 3, 4, 5, 6 మిల్లీమీటర్ల హెక్స్‌తో పాటు టీ25 ఉండాలి. ఎం5 బోల్టుకి 4 మిల్లీమీటర్ల కీ పడుతుంది.

క్లిక్ రకం: నంబర్ సెట్ చేస్తే ఆ టార్క్ రాగానే టిక్ అంటుంది. నేను వాడేది ఇదే, రెండు వేల పైచిలుకు పడింది. చిన్న టార్క్‌ల దగ్గర టిక్ చాలా మెల్లగా ఉంటుంది. ఫ్యాన్ సౌండ్‌లో వినపడకపోవచ్చు, చేతికి తెలిసే జర్క్ మీద ధ్యాస పెట్టండి. టిక్ అనగానే ఆపేయాలి. ఇంకోసారి టిక్ అనిపిస్తే దానర్థం ఇంకొంచెం బిగించారని. వాడాక సెట్టింగ్‌ని కనిష్ఠానికి తిప్పి పెట్టండి. దీంతో బోల్టులు విప్పకండి.

ప్రీసెట్ టీ హ్యాండిల్: 4, 5, 6 ఎన్‌ఎం లాంటి రెండు మూడు సెట్టింగులే ఉంటాయి. స్టెమ్, సీటు క్లాంప్ వరకే అయితే ఇది చాలు. తప్పు చేసే అవకాశం తక్కువ.

బీమ్ రకం: స్ప్రింగ్ లేదు, లోపల పార్టులు లేవు. ఒక కడ్డీ వంగుతుంది, ముల్లు స్కేల్ మీద చూపిస్తుంది. చూడ్డానికి పాతకాలం నాటిది, కానీ ఏళ్ల తరబడి పాడవదు.

డిజిటల్: స్క్రీన్, బీప్, అన్నీ ఉంటాయి. మన లాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి నచ్చుతుంది, కానీ ఒక్క సైకిల్ కోసమైతే అవసరం లేదు.

ఒక మాట నిజాయితీగా. రెంచ్ ఎంత ఖరీదైనదైనా అది కొలిచేది టార్క్‌నే. రాపిడి తేడాల వల్ల అసలు ప్రీలోడ్ పాతిక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అది తప్పదు, డిజైన్‌లో దానికి చోటు ఉంచుతారు. చేతి అంచనాతో ఆ చోటు కూడా దాటేస్తాం, అదే ప్రాబ్లమ్.

రెంచ్ వచ్చే లోపు ఒక చిట్కా. అమెరికా వెళ్లే వాళ్ల ఇళ్లలో సూట్‌కేసు 23 కిలోలు దాటిందా, పచ్చళ్లు తీసెయ్యాలా అని తూచే డిజిటల్ లగేజ్ స్కేల్ ఉంటుంది కదా. అలెన్ కీ మీద బోల్టు మధ్య నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర దాని కొక్కెం తగిలించి, కీకి లంబంగా లాగండి. 5.1 కిలోలు చూపిస్తే 5 ఎన్‌ఎం అన్నమాట. ఒక్కసారి ఇలా చేసి చూడండి. ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది, కొంచెం భయం కూడా వేసింది.

మీ ఫోన్‌తో రెండు నిమిషాల చెకప్

నెలకోసారి, అలాగే సైకిల్ పడిన ప్రతిసారీ ఇది చేయండి. స్టెమ్ తుడిచి, ఫ్లాష్‌లైట్ పక్క నుంచి పడేలా పెట్టి, మాక్రో మోడ్‌లో ప్రతి బోల్టు తల, ఫేస్‌ప్లేట్ మూలలు, హ్యాండిల్ స్టెమ్‌లోకి వెళ్లే అంచు ఫోటో తీయండి. ఆ ఫోటోలు ఒక ఆల్బమ్‌లో దాచుకోండి. పోయిన నెల లేని సన్నటి గీత ఈ నెల కనిపిస్తే రైడ్ బంద్.

బిగించాక బోల్టు తల మీద నుంచి స్టెమ్ మీదకి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. బోల్టు తిరిగితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. కొత్తగా కిర్రుమనే చప్పుడు ఏది వచ్చినా దాని మూలం దొరికే దాకా వదలకండి.

తరచూ వచ్చే ప్రశ్నలు

ఒక బోల్టు తెగితే అదొక్కటే మారిస్తే చాలా?
చాలదు. నాలుగూ మార్చండి. మిగతా మూడూ అదే కుదుపులు తిన్నాయి, పైగా ఒకటి తెగాక దాని వాటా కూడా మోశాయి. స్టెమ్ కంపెనీ ఇచ్చే బోల్టులు తీసుకోండి. దొరక్కపోతే కనీసం అదే గ్రేడ్, అదే పొడవు.

స్టెయిన్‌లెస్ బోల్టులు అస్సలు వాడకూడదా?
బాటిల్ కేజ్‌కి, మడ్‌గార్డ్‌కి హాయిగా వాడుకోండి. ఒరిజినల్‌గా బలమైన స్టీల్ బోల్టు వచ్చిన చోట స్టెమ్‌కి మాత్రం వద్దు.

కారు ఇంజిన్ హెడ్ బోల్టులు కావాలనే సాగేదాకా బిగిస్తారట కదా?
కొన్నింటిని అవును. వాటిని దానికోసమే డిజైన్ చేస్తారు, ఎంత కోణం తిప్పాలో లెక్క ఉంటుంది, విప్పితే మళ్లీ వాడకుండా కొత్తవి వేస్తారు. మన హార్డ్‌వేర్ షాపు బోల్టుకి అవేవీ లేవు.

ఫోన్ మౌంట్ అసలు పెట్టొద్దంటారా?
పెట్టుకోండి. హ్యాండిల్‌ని చుట్టి పట్టుకునే రకం అయితే ఫేస్‌ప్లేట్ బోల్టుల జోలికి పోయే అవసరమే లేదు. ఫేస్‌ప్లేట్ రకం తీసుకుంటే దానితో వచ్చిన బోల్టులే వాడండి, గ్రేడ్ చూడండి, టార్క్ రెంచ్‌తో బిగించండి.

చివరగా

తమ్ముడి భుజం ఇప్పుడు బాగానే ఉంది. సైకిల్‌కి కొత్త స్టెమ్, కొత్త హ్యాండిల్ వేశాం. పాత హ్యాండిల్ పైకి బాగానే కనిపించింది, అయినా నమ్మబుద్ధి కాలేదు. బిగించింది ఈసారి వాడే, నేను పక్కన కూర్చుని స్టెమ్ మీది నంబర్ చదివా అంతే. నాలుగో బోల్టు టిక్ అనగానే నా చెయ్యి అలవాటు కొద్దీ కీ వైపు వెళ్లింది, ఇంకొంచెం తిప్పుదామని. వాడు రెంచ్ పక్కకి లాగేసుకుని, “అయిపోయింది అన్నా, ఇగ చాలు” అన్నాడు.

మీ సైకిల్ స్టెమ్ మీద ఏ నంబర్ ఉందో ఇవాళే ఒకసారి చూడండి. బోల్టు తల మీద ఏం రాసుందో కూడా.